సూదికి తోడు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



రహదారులను గూర్చి, మంచినీటిని గూర్చి, వీధిదీపములను గూర్చి ఉదయమునుండి మీరు వినుచున్నారు. ఇప్పుడు నేను ముచ్చటింపబోవు వస్తువులన్నియు కలిసి ఈ చేతిసంచిలో పట్టినవి. ఒక సూదుల దిండు, ఒక సూదుల పొత్తము, దారము చుట్టిన కొన్ని అట్టముక్కలు, రెండు వెదురు రింగులు, ఒక మైనపు బిళ్ళ. ఇంత చిన్న విషయమునకు పంచాయతీ సభ్యుల కాలము వెచ్చింపనేల యని మీలో కొందరికి తోచవచ్చును. నాకును చిరకాలము అట్లే తోచినది. నేను ముప్పది సంవత్సరములు బాలికలకు కుట్టుపని నేర్పితిని. కాడకుట్టు, గొలుసుకుట్టు, కాజాకుట్టు, క్రాస్‌కుట్టు, అద్దముల పని, అన్నియు నేర్పితిని. గుడ్డను బిగించు రింగు లేనప్పుడు ఏమి చేయవలెనో మాత్రము నేర్పలేదు. రింగు ఎక్కడినుండి వచ్చుచున్నదో ఏ బాలికయు నన్ను అడుగలేదు, నేనును చెప్పలేదు. పెట్టె తెరచినచో అందులో నుండెడిది, అంతే.

ఆ లోపము నాకు తెలిసివచ్చిన విధమును ముందుగా మనవి చేసెదను.

కొన్ని ఏండ్ల క్రిందట ఒక గ్రామమున ఇరువదిమంది స్త్రీలకు 45 దినములు కుట్టు అల్లికలలో శిక్షణ జరిగినది. నేను అందు బోధకురాలిని. కడపటి దినమున సభ జరిగినది, ధ్రువపత్రములు పంచిరి, ఛాయాచిత్రము తీసికొనిరి. మరుసటి ఉదయమున రింగులు, కత్తెరలు, దారపు పెట్టెలు లెక్కపెట్టి, సంచులలో వేసి, తరువాతి ఊరికి తరలించిరి. అవి శిక్షణ నడిపినవారి సొత్తు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. ఆరు మాసముల పిదప నేను ఆ యూరికి మరల వెళ్ళితిని. ఇరువదిమందిలో పందొమ్మిది మంది సూది విడిచిపెట్టిరి. "రింగు తీసుకుపోయినారు గదమ్మా, ఇంక దేనిమీద కుట్టేది?" అని ఒకామె నవ్వుచు అడిగినది. ఆ నవ్వునకు నావద్ద సమాధానము లేకపోయినది. రింగును పట్టణమున కొనవచ్చునని మీరు అందురు. కొనవచ్చును. కాని రింగు ఒక్కటే కాదు. ఛార్జీలు పెట్టుకొని, ఒకరోజు కూలి పోగొట్టుకొని, ఏ పరిమాణమునది అడుగవలెనో తెలియక, ఇంటివారి అనుమతి పొంది పోవలెను. ఇన్ని గడపలు దాటి ఎందరు పోగలరు? ఇల్లలుకగనే పండుగ యగునా?

ఇరువదవ ఆమె మాత్రము కుట్టుచునే యుండెను. విరిగిన పిండిజల్లెడ చట్రమును తీసికొని, దానిపై గుడ్డను పరచి, పాత సైకిలు ట్యూబునుండి కోసిన రబ్బరుపట్టీతో చుట్టును బిగించి, దానిపై క్రాస్‌కుట్టుతో ఒక చిలుకల జంటను కుట్టినది. జల్లెడ చట్రము బరువు, ఎడమచేయి నొచ్చుచుండెను. రబ్బరు నలుపు గుడ్డకు అంటుచుండెను. అయినను కుట్టు సమముగా నుండెను. నేను ముప్పది ఏండ్లు చెప్పిన పాఠములలో లేనిది ఆమె ఒంటరిగా కనిపెట్టినది. నా ప్రసంగమంతయు ఆ జల్లెడ చట్రమునుండి పుట్టినదే.

రింగు అంత ముఖ్యమా యని పురుష సభ్యులు అడుగుదురేమో. క్రాస్‌కుట్టు అనునది గుణకార చిహ్నము వంటి చిన్న చిన్న కుట్లతో బొమ్మను నింపుట. నేతలో గళ్ళు లెక్కించుటకు వీలైన గుడ్డపై, మనవారు మ్యాటీ యని పిలుచు గుడ్డపై, దానిని కుట్టుదురు. అంగుళమునకు 14 గళ్ళున్న గుడ్డపై 140 గళ్ళ వెడల్పు బొమ్మ సరిగా 10 అంగుళములు వచ్చును. 11 గళ్ళున్న గుడ్డపై అదే బొమ్మ 12 అంగుళములకు మించిపోవును. అనగా ఇది లెక్కతో కూడిన పని. గుడ్డ వదులుగా నున్నచో ఒక కుట్టు బిగుసుకొని ఇంకొకటి సడలి, గళ్ళు వంకరవోయి, లెక్క తప్పును. కొనువాడు బొమ్మను చూడడు. గుడ్డ ముడుతపడినదా లేదా చూచును. ముడుత పడినచో వెల సగమునకు దిగును. ఆ సగము వెల రింగు మీద ఆధారపడియున్నది.

ఆ యూరిలో మేదర వృత్తిలోనున్న ఒక వృద్ధుడు జల్లెడ చట్రమును చూచి, "ఈ బరువెందుకమ్మా, నేను చేసిస్తాను" అనెను. అతడు చేసిన మొదటి రింగు పనికిరాలేదు. వెదురు పచ్చిదగుటచే ఎండినకొలది ముడుచుకొనిపోయి, లోపలి రింగు ఊడిపడజొచ్చినది. గుడ్డకు పచ్చని చారలు కూడ పడినవి. రెండవది పగిలినది. మూడవది ఇదిగో, నా చేతిలో నున్నది. ఇది చేయు విధమును కొంచెము విపులముగ చెప్పెదను, ఏలయన మీ గ్రామములలో బుట్టలు, చేటలు అల్లువారు ఎందరో కలరు. ప్లాస్టిక్కు వచ్చిన పిదప వారి చేటలకు గిరాకి తగ్గినది. వారి చేతివిద్య మాత్రము తగ్గలేదు.

ముదిరిన గట్టి వెదురును కోరవలెను. లేత వెదురు వంగునుగాని నిలువదు. నరికిన వెదురును కొన్ని వారములు నీటిలో నానవేయుట మన పెద్దల ఆచారము. దానివలన వెదురులోని పిండిపదార్థము నీటిలోనికి దిగిపోవును. పిండి లేనిచో పురుగు పట్టదు. పురుగు పట్టిన రింగునుండి రాలు పొడి తెల్లని గుడ్డను పాడుచేయును. పిదప అర అంగుళము వెడల్పున, అంగుళములో ఎనిమిదవ వంతు మందమున బద్దలు చీల్చి చిత్రికపట్టవలెను. 6 అంగుళముల రింగునకు చుట్టుకొలత సుమారు 19 అంగుళములు. అతుకునకు మరి 2 అంగుళములు కలిపి 21 అంగుళముల బద్ద తీసికొనవలెను. దానిని సన్నని సెగపై కొద్దికొద్దిగా వంచుచు, తగిన కొలతగల డబ్బా చుట్టును కట్టి, నీడలో బాగుగ ఆరనీయవలెను. కొసలను రెండును ఏటవాలుగా చెక్కి, ఒకదానిపై నొకటి అమర్చి, జిగురుపెట్టి, దారముతో చుట్టినచో లోపలి రింగు సిద్ధము.

వెలుపలి రింగు కొసలను అతుకరాదు. ఆ రెండు కొసలకు రెండు చిన్న కొయ్యదిమ్మెలు బిగించి, వాటిలో రంధ్రములు వేసి, సైకిలు దుకాణమున దొరకు సన్నని బోల్టును, రెక్కల నట్టును పెట్టవలెను. నట్టు త్రిప్పినకొలది రింగు బిగియును. లోపలి రింగునకు తెల్లని నూలు నాడాను ఒత్తుగా చుట్టుట మరువరాదు. ఈ నాడా చిన్న వస్తువే, కాని దీనివలననే గుడ్డ జారదు, వెదురు గీరదు, మచ్చ పడదు. అంగళ్ళలో అమ్మెడి రింగులకు సాధారణముగా నాడా ఉండదు. వాటిని కొన్నవారు కూడ చుట్టుకొనుట మేలు. సాయంకాలము పని ముగియగనే గుడ్డను రింగునుండి తీసివేయవలెను. రాత్రంతయు ఉంచినచో గుండ్రని మడత పడి, ఉతికినను పోదు.

వెదురు దొరకుట ఎట్లు అని అడుగుదురు. ఇది పంచాయతీవారు తెలిసికొనదగిన విషయము. 2017లో భారత అటవీ చట్టమునకు జరిగిన సవరణ వలన, అటవీ భూమి కాని చోట పెరిగిన వెదురు 'చెట్టు' అను నిర్వచనమునుండి తొలగిపోయినది. కావున రైతు తన పొలము గట్టున పెంచిన వెదురును కొట్టుటకు, తరలించుటకు ఆ చట్టము క్రింద అనుమతిపత్రము పనిలేదు. అడవులలో నివసించువారికి 2006 నాటి అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో చేర్చి హక్కు కల్పించినది. ఈ రెండు సంగతులును తెలియక, వెదురు బద్దను చాటుగా తెచ్చుకొను వృత్తిపనివారిని నేను చూచితిని. చెరువుగట్టున, శ్మశానపు సరిహద్దున నాలుగు పొదలు నాటించుట పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు.

ఇక సూదుల దిండు. దీనిని ఆటబొమ్మవలె భావించి, పైన పూసలు, లేసు, జరీ కుట్టి, లోపల చేతికి దొరకిన చింపిరి గుడ్డలు కుక్కువారు ఎక్కువ. అందము పిదప చూచుకొందము. సూది బ్రతుకుట ముందు. కోస్తా గాలిలో తేమయు, ఉప్పును కలవు. చేతి చెమట సరేసరి. దూది తేమను పీల్చి పట్టియుంచును. సరిగా ఎండని రంపపుపొట్టు ఇంకను చెరుపు. వర్షాకాలమున ఒక మాసము గ్రుచ్చియుంచిన సూది నల్లబడి, గుడ్డలో దూరునప్పుడు కీచుమని పట్టుకొనును. తుప్పుసూది తెల్లని గుడ్డపై పెట్టిన మచ్చను ఏ చాకిరేవును పోగొట్టలేదు.

దీనికి మంచి మందు ఉన్ని. గొఱ్ఱె ఉన్నిలో సహజమైన జిడ్డు కలదు. అది సూదికి సన్నని పొరగా అంటి తుప్పును అడ్డును. తెలంగాణమునను, రాయలసీమయందును నల్ల ఉన్ని గొఱ్ఱెలు పెంచువారు కలరు. గొంగళ్ళు నేయువారు, కప్పుకొనువారు తగ్గినకొలది ఆ ఉన్నికి ఆదరము తగ్గి, కత్తిరించిన ఉన్నిని పారవైచుటయు కలదు. అట్టి ఉన్నిని పిడికెడు తెచ్చి, గోరువెచ్చని నీటిలో సబ్బు వేయక కడిగి, ముండ్లు, మట్టి ఏరివేసి, ఎండబెట్టవలెను. సబ్బు వేసినచో జిడ్డు పోవును. జిడ్డు పోయిన ఉన్నితో మనకు పనిలేదు. 4 అంగుళముల చదరపు ముక్కలు రెండు తీసికొని మూడు వైపుల కుట్టి, ఉన్నిని గట్టిగా, మీ చేతనైనంతకంటె కొంచెము ఎక్కువ గట్టిగా కూరి, నాలుగవ వైపు మూయవలెను. వదులుగా నున్నచో సూది లోపలికి దిగి మాయమగును. నల్ల ఉన్నికి ముదురురంగు గుడ్డయే వేయవలెను. తెల్ల గుడ్డ వేసినచో నల్లని నూగు బయటికి పొడుచుకొనివచ్చును. రెండెండిన వేపాకులు లోపల వేసినచో ఉన్నిపురుగు రాదని మా పెద్దలు చెప్పుదురు, నేను వేయుచున్నాను. కోనసీమవారు నున్నగా గీకిన కొబ్బరిచిప్పలో ఈ దిండును అమర్చినచో దొర్లిపోక నిలుచును, చూచుటకును ముచ్చటగా నుండును.

దారము సంగతి. కుట్టుదారము ఆరు పోగుల చిలపగా వచ్చును. క్రాస్‌కుట్టునకు 14 గళ్ళ గుడ్డపై సాధారణముగా రెండేసి పోగులు విడదీసి వాడుదురు. చిలపను అట్లే పెట్టెలో వైచినచో మూడవ దినమున చిక్కుపడును. చిక్కుపడిన దారములో కత్తెరకు పోవునది ఎంతో మీ ఇంటి స్త్రీలనడుగుడు. 2 అంగుళముల పొడవు, ఒకటిన్నర అంగుళముల వెడల్పు గల అట్టముక్కను కోసి, రెండు ప్రక్కల చిన్న గాట్లు పెట్టి, దారమును చుట్టి, రంగు సంఖ్యను పైన వ్రాసికొనవలెను. అట్టకై అంగడికి పోనక్కరలేదు. ప్రతి యింటను పాత శుభలేఖలు గుట్టలుగా నుండును. దళసరియైన మంచి అట్ట. అయితే ఒక హెచ్చరిక. శుభలేఖకు నాలుగు మూలల పసుపు రాయుట మన ఆచారము. ఆ మూలలను ముందుగా కోసివేయవలెను. నేను ఒకమారు తొందరలో మరచి, తెల్లని దారము పది చిలపలు చుట్టితిని. చెమట తగిలినంతనే పసుపు దిగినది. ఆ దారముతో పొద్దుతిరుగుడు పూలు కుట్టుకొంటిని, వేరు గతి లేక.

ముదురు ఎఱుపు, నీలి దారములను వాడుటకు ముందు తడిసిన తెల్లగుడ్డ నడుమ ఒత్తి చూడవలెను. రంగు దిగు దారమును పక్కన పెట్టవలెనుగాని, ఉతికినప్పుడు చూచుకొందమని కుట్టరాదు.

మైనపు బిళ్ళ బొత్తాములు కుట్టు దారమునకు, పూసలు గ్రుచ్చు దారమునకు, జరీకి పనికివచ్చును. దారమును మైనముపై ఒకమారు లాగినచో చిట్లదు, మెలిపడదు. క్రాస్‌కుట్టు దారమునకు మైనము పట్టించుట అనవసరము. తేనె తీయువారివద్ద మైనము దొరకును. దానిని నేరుగా పొయ్యిపై పెట్టరాదు, మంట అంటుకొనును. వేడినీటి గిన్నెలో వేరొక గిన్నెనుంచి కరగించి, పలుచని గుడ్డలో వడగట్టి, చిన్న మూతలో పోసి చల్లార్చవలెను.

సూదుల పొత్తము అనగా పుస్తకము వంటిదే. రెండట్టల నడుమ నాలుగు ఉన్నిగుడ్డ ఆకులు. ఒక్కొక్క ఆకునకు ఒక్కొక్క పరిమాణము సూదులు. క్రాస్‌కుట్టు సూది మొన మొద్దుగా, బెజ్జము పెద్దదిగా నుండును. అది నూలుపోగును చీల్చక గళ్ళ మధ్యనుండి జారిపోవుటకే అట్లు చేసినారు. మామూలు సూదులతో కలిపినచో చీకటిలో ఏది ఏదో తెలియదు. పొత్తము అట్టపై ఎన్ని సూదులున్నవో వ్రాసి, దీపము ఆర్పుటకు ముందు లెక్కపెట్టవలెను. ఇది నేను పట్టుపట్టి చెప్పు నియమము. కుట్టుపని చేయు ఇల్లు సాధారణముగా ఒకే గది. అందే చాప, అందే పసిబిడ్డ, అందే బియ్యపు చేట. పసిబిడ్డ పాదములో విరిగిన సూదిముక్క దిగి ఆసుపత్రికి పరుగెత్తిన తల్లిని నేనెరుగుదును. ఆ దినము తరువాత ఆమె భర్త సూదిని ఇంటికి రానీయలేదు. మూతకు చిన్న రంధ్రము చేసిన పాత తగరపు డబ్బాలో విరిగిన సూదులను వేసికొనుట అలవాటైనచో ఆ తల్లి పని నిలిచియుండెడిది.

దారమెక్కించుటకు సన్నని రాగితీగను మధ్యకు మడిచి, రెండు కొసలను చిన్న అట్టముక్కకు అంటించినచో చాలును. మడత భాగమును బెజ్జములో దూర్చి, అందు దారమును పెట్టి లాగవలెను. పాత విద్యుత్తు తీగనుండి ఇట్టివి అనేకము చేయవచ్చును. కాని తీగ ఎంతవరకు ఆదుకొనును? 40 ఏండ్లు దాటిన పిదప చత్వారము వచ్చును, సూది కనబడదు. అది రోగము కాదు, వయస్సు. చేతివిద్య పండిన వయస్సున మన స్త్రీలు సూదిని క్రింద పెట్టుట ఈ కారణముచేతనే. అస్సామున తేయాకు కోయు 40 ఏండ్లు పైబడిన 751 మందిపై జరిపిన పరిశోధన ఒకటి 2018లో ప్రకటింపబడినది. దగ్గరచూపు అద్దములు పొందినవారి పని, పొందనివారితో పోల్చగా సుమారు 22 శాతము అధికమైనది. ఆకు కోయుటకే అంత భేదమున్నచో, అంగుళమునకు 14 గళ్ళు లెక్కించుటకు ఎంత భేదముండునో మీరే ఊహింపుడు. మీ గ్రామమునకు కంటి శిబిరము వచ్చినప్పుడు, "దూరము కనబడుచున్నదా?" అని మాత్రమే అడిగి పంపకుండ, దగ్గరచూపును గూడ పరీక్షింపుడని కోరుట మీ పని.

మగ్గం పనిని విడిచిపెట్టినచో ఈ కాలపు స్త్రీలు నన్ను క్షమింపరు. పెండ్లి రవికలపై జరీ, పూసలు, కుందనములు ఆరీ సూదితో కుట్టు పని నేడు పల్లెలలోను కనబడుచున్నది. దానికి కావలసిన చట్రము నాలుగు కొయ్యలు. రెండింటికి గుడ్డను బిగింతురు, మిగిలిన రెండింటికి అంగుళమునకొకటి చొప్పున రంధ్రములుండును, మేకులతో సాగదీయుదురు. మీ ఊరి వడ్రంగి ఒక్కపూటలో చేయగల వస్తువు. అతనికి చెప్పవలసినదొకటి కలదు. కాళ్ళు ఎత్తు తగ్గించుటకు, పెంచుటకు వీలుగా నుండవలెను. నేలపై కూర్చుండి గంటలతరబడి వంగి కుట్టినచో ముప్పదియవ ఏటనే నడుము పట్టును. అంగడి చట్రము ఎవరి నడుమునకును కొలిచి చేసినది కాదు. ఊరి వడ్రంగి ఆమెను కూర్చుండబెట్టి కొలిచి చేయగలడు. గ్రామముననే చేయించుకొనుటలోని లాభము వెల తగ్గుట మాత్రమే యని తలపరాదు.

చేయి నొప్పిని చూచి సాధనమును పుట్టించిన మన తెలుగువాని నొకని ఇచట స్మరింపక తప్పదు. పోచంపల్లి పద్ధతి చీర నేయుటకు ముందు నూలును ఆసుపోయవలెను. చీర ఒకటింటికి వేలమారులు చేయి చాచి త్రిప్పవలెను. చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజపు నొప్పిని చూడలేక, ఏండ్లతరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచి, దానికి ఆమె పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆయన ఇంజనీరు కాడు, నేతవారింటి బిడ్డ. జల్లెడ చట్రముపై చిలుకలు కుట్టిన స్త్రీకి పద్మశ్రీ రాదు, ఆమెయు కోరలేదు. కాని ఆమె ఎడమచేయి నొచ్చుచున్నదని చూచినవాడు ఆ మేదర వృద్ధుడొక్కడే, పంచాయతీ చూడలేదు.

ఎందుకు చూడలేదు? లెక్కలలో ఆమె లేదు గనుక. నరసాపురపు లేసు మీరందరు ఎరిగినదే. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల వలన గోదావరి ప్రాంతమున పాదుకొని, కొంకి సూది ఒక్కదానితో విదేశముల వరకు పోయిన పని అది. 2024లో దానికి భౌగోళిక సూచిక లభించినది. మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు ఆ స్త్రీల బ్రతుకును పరిశీలించి 1982లో గ్రంథము ప్రకటించినది. దినమునకు ఎన్నో గంటలు లేసు అల్లుచున్న స్త్రీలను 'ఇంటిపట్టున నుండువారు' అనియు, వారి పనిని తీరికవేళల కాలక్షేపమనియు పిలుచుట వలననే వారికి అంత తక్కువ కూలి ముట్టుచున్నదని ఆమె చూపినది. దారము వర్తకుడు ఇచ్చును, సరకు వర్తకుడు తీసికొనును, ధర వర్తకుడే చెప్పును. నేటికిని మీ గ్రామ సర్వేలో అట్టి స్త్రీ ఎదుట 'గృహిణి' యని వ్రాయుదురు. సూదియు, రింగును, దారమును ఇతరులవైనప్పుడు ఆమె బేరమాడుటకు చోటెక్కడిది? సొంత పనిముట్లున్న స్త్రీ కనీసము ఒక వర్తకుని కాదని మరియొకరి పని పట్టగలదు. నేను చేసిన లెక్కలో సూదుల దిండు విలువ అది.

ఇక మీ అధికారములో నున్నదానిని చెప్పి ముగించెదను. రెండు తెలుగు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. కావున ఈ మాటలు అర్థమగువారు ప్రతి పంచాయతీలోను ఉందురు. వచ్చు గ్రామసభకు ముందు, మీ వార్డులో సూదిపని తెలిసినవారు ఎందరు, వారిలో సొంత రింగు, కత్తెర, మగ్గపు చట్రము ఉన్నవారు ఎందరు, నేర్చి విడిచినవారు ఎందరు అని ఒక కాగితముపై వ్రాసికొనుడు. మూడవ సంఖ్యయే పెద్దదిగా నుండునని నా అనుభవము. శిక్షణ కావలెనని అర్జీ పెట్టుటకు ముందు ఆ కాగితమును చూచుకొనుడు. అనేక గ్రామములకు కావలసినది రెండవ శిక్షణ కాదు, మొదటి శిక్షణ తరువాతి రింగు.

శిక్షణ ఇచ్చుటకు ఎవరైన వచ్చినప్పుడు, పనిముట్లు ఎవరివద్ద మిగులునో ముందే వ్రాతపూర్వకముగ అడుగుడు. శిక్షణలోనే రెండు దినములు ఈ వస్తువుల తయారీకి కేటాయింపుమనుడు. ఆ రింగులను, చట్రములను మీ ఊరి మేదరవారివద్ద, వడ్రంగివద్ద చేయించుటకు పట్టుపట్టుడు. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకపు 18 వృత్తులలో వడ్రంగము, బుట్టలు చాపలు అల్లుట, దర్జీపని కలవు. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము అందు ఏర్పరచిరి. దరఖాస్తుల మొదటి పరిశీలన గ్రామపంచాయతీ స్థాయిలోనే జరుగును. అల్లికలు, ఎంబ్రాయిడరీ ఆ జాబితాలో వేరుగా లేవు. కావున రింగు చేయువానికి ఆ తలుపు తెరచియున్నది. రింగుపై కుట్టు స్త్రీ దర్జీపని చేయుచున్నప్పుడే అందు ప్రవేశింపగలదు. ఈ తేడాను తెలిసికొనక అర్జీలు నింపించి, తిరస్కరింపబడిన పిదప ఆమెనే నిందించుట న్యాయము కాదు.

మీ సామాజిక భవనమున ఒక బీరువా అరను ఈ పనిముట్లకు కేటాయించి, ఒక నోటుపుస్తకము పెట్టి, వాడుకకు ఇచ్చి పుచ్చుకొనవచ్చును. తాళపుచెవి మహిళా సంఘమువారి చేతిలో నుండవలెను, కార్యదర్శి బల్లసొరుగులో కాదు. ఆ గదిలో ఉత్తరపు కిటికీవద్ద బల్ల వేయించుడు. ఉత్తరపు వెలుగున నీడలు తక్కువ, రంగులు నిజముగ కనబడును.

అన్ని గ్రామములవారును సూదుల దిండ్లు చేసి పట్టణమునకు పంపి ధనవంతులు కాగలరని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పువారిని నమ్మవలదు. ముందు మీ ఊరి స్త్రీల చేతులకు సరిపడునన్ని చేయుడు. పొరుగూరివారు చూచి అడిగినచో అప్పుడు వెల మాట్లాడుకొందురు. ఆ మేదర వృద్ధుడు ఇప్పుడు అట్లే చుట్టుప్రక్కల మూడు గ్రామములకు రింగులు చేసి ఇచ్చుచున్నాడు. జల్లెడ చట్రముపై కుట్టినామె అతని రింగులకు నాడా చుట్టి ఇచ్చుచు, తన కుట్టు తాను కుట్టుకొనుచున్నది.

సభానంతరము ఈ వస్తువులను ఆ బల్లపై నుంచెదను. చేతితో పట్టి చూడుడు. పెద్ద రింగునకు నట్టు కొంచెము జారుచున్నది. దిమ్మె మందము చాలలేదని నాకు తోచుచున్నది. మీలో వడ్రంగము తెలిసినవారుండినచో దానిని చూచి, ఏమి చేయవలెనో నాకు చెప్పి వెళ్ళుడు.